ఒకే చోట తెగిన నైలాన్

రాడ్ వంగి వంగి కొస నీళ్లను తాకింది. రీలు కీచుమంటూ దారం వదులుతోంది. కింద ఎక్కడో ట్యూనా నిట్టనిలువుగా లోతుకి దిగిపోతోంది.

"వదలకు! పట్టు! వదలకు!" అని అజ్మత్ అరుస్తున్నాడు. తన చేతిలో రాడ్ లేదు కాబట్టి గొంతులో ధైర్యానికి కొదవ లేదు.

రాడ్ పట్టుకున్నవాడు యాసిర్. మస్కట్‌లో పళ్ల డాక్టరు. చేపను పట్టడమంటే పన్ను పీకడమంత సులువనుకుని, కొత్త చేతొడుగులు తొడుక్కుని, సూర్ రేవు దాకా కారు తోలుకొచ్చాడు. ఇప్పుడు చెమటలు కారుస్తూ పడవ అంచుకి మోకాళ్లు ఆనించి ఊగుతున్నాడు. చుక్కాని దగ్గర ఖల్ఫాన్ పడవను మెల్లగా వెనక్కి నడుపుతున్నాడు, దారానికి ఊపిరి తీసుకునే వీలు ఇవ్వడానికి.

ఠప్!

యాసిర్ వెల్లకిలా పోయి ఐస్ పెట్టె మీద కూలబడ్డాడు. రాడ్ ఒక్కసారిగా నిటారయింది. రీలు గప్‌చిప్.

ఖల్ఫాన్ ఇంజన్ ఆపేశాడు. దారం చుట్టి, చివర మిగిలిన నైలాన్ ముక్కను రెండు వేళ్లతో పైకెత్తి, పడవ మధ్యలో కూర్చున్న సఫూరా ముఖం ముందు ఊపాడు.

"మూడోది," అన్నాడు హిందీలో. అనాల్సింది బుధవారమే అనేశాడు.

రీలులోంచి వచ్చే అల్లిక దారం సన్నగా ఉంటుంది. చేపకి దగ్గరగా ఉండే చివరి రెండు బారలు మాత్రం మందపాటి నైలాన్ కడతారు. దాన్నే లీడర్ అంటారు. చేప ఒళ్లు ఒరుసుకున్నా, పడవ అడుగు తగిలినా భరించాల్సింది అదే. సూర్ చేపల బజారు పక్కనున్న కొట్టులో ఆ నైలాన్ అమ్మేది సఫూరా. ముడులు వేసేదీ ఆమే. భర్త ఖాదర్‌వలి గల్లాలో కూర్చుని వచ్చినవాళ్లందరికీ తలూపుతాడు, అంతే. ఒక శుక్రవారం ఆమె కట్టిన లీడర్ తెగింది. మరుసటి శుక్రవారం ఇంకోటి తెగింది. బుధవారం ఖల్ఫాన్ కొట్టు మెట్లెక్కి, "నీ చేత్తో కట్టు, పడవెక్కి నీ కళ్లతో చూడు. మళ్లీ తెగితే ఈ రేవులో ఏ పడవా నీ కొట్టుకి రాదు," అని చెప్పి టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. సూర్‌లో ఖల్ఫాన్ ఒకమాట అన్నాడంటే మిగతా పడవలవాళ్లు రెండోమాట అడగరు. కడప నుంచి వచ్చి ఆ కొట్టు నిలబెట్టుకోవడానికి ఆమె పడ్డ పాట్లు ఈ మూడు నైలాన్ ముక్కలకి వేలాడుతున్నాయిప్పుడు.

"చూసిండ్రా? చూసిండ్రా?" అజ్మత్ రెండు చేతులూ చాచి తిరుగుతున్నాడు. పడవ అంచుకి బిగించిన తన ఫోన్ వైపు కూడా ఒకసారి తిరిగాడు. అది పొద్దుటి నుంచీ వీడియో తీస్తూనే ఉంది. "నేను మొదటి నుంచి చెప్తున్న. మాల్ ఖరాబ్. వాటర్ సూపర్, గాలి సూపర్, టెక్నిక్ సూపర్. మాల్ ఖరాబ్!"

అజ్మత్ పని మస్కట్ నుంచి కస్టమర్లను తేవడం, సరంజామా సర్దడం, పడవ మీద ఉపన్యాసాలివ్వడం. మూడోది ఎవరూ అడగరు, అయినా తనకి బాగా ఇష్టమైంది అదే. ఊరేదంటే హైదరాబాద్ అంటాడు. తీరా చూస్తే షాద్‌నగర్. చేపల వేటంతా ఫోన్‌లో చూసి నేర్చుకున్నాడు. ఎర కట్టడం రాకపోయినా ఎర గురించి అరగంట మాట్లాడగలడు.

"మొదటి శుక్రారం ఏమన్నావు భాయ్?" అంది సఫూరా. "షార్క్ కొరికిందన్లా? రెండో శుక్రారం కస్టమరు రీలు బ్రేకు బిగించేసినాడన్నావు. ఈరోజు నా సరుకు మీద పడినావా? వచ్చేవారం ఎవురి మీద పడ్తావు, చంద్రుని మీదా?"

వాళ్లు తెలుగులో మాట్లాడుకుంటున్నారు. ఖల్ఫాన్‌కి హిందీ బాగా వచ్చు. యాసిర్ మస్కట్‌లో పుట్టి పెరిగినవాడు, ఉర్దూ తప్ప తెలుగు ముక్క రాదు. కాబట్టి ఈ పడవ మీద గుట్టుగా తిట్టుకోవాలంటే తెలుగే గతి.

"ఆపా, తేడా మాట్లాడకు. నేను నూట ముప్పై పౌండ్ల బరువు ఆపేది అడిగిన. నువ్వు ఎనభై అంటగట్టినవ్."

అబద్ధం చెప్పేవాళ్లను సఫూరా చాలామందిని చూసింది. కొట్టు నడిపేవాళ్లకి వాళ్లే పెట్టుబడి. కానీ ఇంత నున్నగా చెప్పేవాణ్ణి చూడలేదు. అతనే కదా నిన్న కొట్టులో నిలబడి, నీళ్లు నీలంగా తేటగా ఉన్నాయి, లావు నైలాన్ అయితే ట్యూనా కంటికి కనబడుతుంది, సన్నది కావాలి అని ఉపన్యాసం దంచింది! నూట ముప్పై తీసుకోమని ఆమె రెండుసార్లు చెబితే, "ఆపా, ఇది సైన్స్, నీకు అర్థం కాదు," అని చేత్తో తోసేశాడు కూడా. ఆ ఎనభై పౌండ్లదైనా ఆమె తూకపు కొక్కేనికి తగిలించి, ఖల్ఫాన్ ఎదుటే లాగి చూపించి ఇచ్చింది.

"సరే, ఎనభైయే," అంది. "ఎనభై గూడా ఇంత సులువుగా తెగదు. ఆ ముక్క ఇట్లియ్యి."

ముందు ఆమెకి తట్టింది ఒకటే. ఈ గొప్పోడు తన మంచి లీడర్లు ఎక్కడో అమ్ముకుని, బజారు నైలాన్ కట్టి తెచ్చాడు. ఆ ఊహకి ఆమెకి లోపల ఎంత సంబరం కలిగిందంటే, ముక్కను అందుకుంటూనే దొంగను పట్టుకున్నంత నవ్వు వచ్చేసింది.

ముడి చూసింది. నవ్వు చచ్చిపోయింది.

ముడి మీద ఎర్ర దారం చుట్టి ఉంది. ఆమె కట్టిన ప్రతి లీడర్‌కీ పై ముడి మీద అలా ఎర్ర దారం చుట్టి, కొస కనబడకుండా లోపలికి దూరుస్తుంది. ఆ దూర్చడం ఇంకెవరి చేతికీ రాదు. సరుకు తనదే. ముడి తనదే. తెగినదీ తనదే.

అజ్మత్ ఆమె ముఖం చూసి పెదవి విరిచాడు.

"ఏం, చూసినవా? నీ ఎర్ర దారమే గదా? ఇగ చెప్పు."

అప్పుడే అంచున ఉన్న ఫోన్ మోగింది. తెర మీద "అమ్మీ" అని పడింది. అజ్మత్ వెళ్లి దాన్ని కట్ చేసి, మళ్లీ వీడియో నొక్కాడు. వేటకెళ్లిన ప్రతిసారీ అతని తల్లి సుగ్రా బేగం ఇంటి నుంచి ఫోన్ చేస్తూనే ఉంటుంది. పులుసుకి తలకాయ తెస్తాడా లేదా అన్నది ఆమెకి పొద్దుటి నుంచి పట్టుకునే బెంగ.

ఖల్ఫాన్ దూరంగా చూపు సారించాడు. నీలం నీళ్లూ ఆకుపచ్చ నీళ్లూ కలిసే గీత మీద పక్షులు గుంపుగా వాలుతున్నాయి. వాటి కింద ట్యూనాలు చిన్న చేపల్ని తరుముతున్నాయన్నమాట. కానీ ఉత్తరం నుంచి గాలి లేచింది. అలల తలలు తెల్లబడుతున్నాయి.

"ఇంకొక్కసారి," అన్నాడు. "ఆ పక్షుల దాకా. తర్వాత గాలి ముదురుతుంది, వెనక్కి పోతాం. రేవులో నన్ను అందరూ అడుగుతారు సఫూరా. నేనేం చెప్పాలో ఈలోగా నువ్వు చెప్పు."

ఇంజన్ గర్జించింది. పడవ ముక్కు లేచింది.

సఫూరా తెగిన ముక్కను వేళ్ల మధ్య తిప్పి చూసింది. మంచి నైలాన్ బరువుకి తెగితే ముందు సాగుతుంది, సన్నబడుతుంది, కొస ఉంగరం తిరుగుతుంది. ఇది సాగనే లేదు, మురుకు విరిగినట్టు విరిగింది. రాతికి ఒరుసుకుంటే గీతలుండాలి. లేవు. కత్తి పెడితే కొస నున్నగా ఉండాలి. లేదు.

"అజ్మత్ భాయ్! పోయిన రెండు వారాల ముక్కలు ఏవి?"

"నా దగ్గరనే ఉన్నయ్. వీడియోల చూపిస్త నేను, ఎవరి మాలో అందరికీ ఎర్క కావాలె," అంటూ అతను సంచిలోంచి తీసి విసిరాడు. సాక్ష్యాన్ని జాగ్రత్తగా దాచుకున్నాడు పాపం. ఆ ఒక్క మంచిపని అతను చేసినందుకు సఫూరా తర్వాత చాలా రోజులు అల్లాకి కృతజ్ఞతలు చెప్పుకుంది.

మూడు ముక్కల్నీ ఒడిలో పక్కపక్కన పరిచింది. ఎర్ర ముడులు మూడూ ఒక దగ్గరికి చేర్చి, కొసలు చూసింది.

మూడూ ఒకే పొడవు. అటూ ఇటూగా బెత్తెడు తేడా కూడా లేదు. మూడూ సరిగ్గా లీడర్ నడుముకి తెగాయి.

"మూడు వారాలు, మూడు చేపలు," అని గొణుక్కుంది. "బార పెట్టి కొలుచుకోని తెంపినాయా ఏమి!"

అజ్మత్ సంచిలో ఇంకా వాడని లీడర్లున్నాయి. ఒకటి లాగింది. గురువారం సాయంత్రం కొట్టులో వాటిని ఆమె గుండ్రంగా చుట్టి, కాగితపు పట్టీ వేసి ఇచ్చింది. ఇప్పుడు పట్టీ లేదు. చుట్ట విప్పి మళ్లీ ఎవరో చుట్టారు, అదీ వంకరటింకరగా. సరిగ్గా మధ్యలో ఒక వంపు. దండెం మీద ఆరేసిన లుంగీకి పడే మడతలాంటి వంపు. గోటితో రుద్దితే అక్కడ గరుకుగా ఉంది, రంగు కూడా కాస్త పసుపు తిరిగింది. కొసను పడవ కొక్కేనికి చుట్టి రెండు చేతులా లాగింది.

పుటుక్కుమంది. ఆ వంపు దగ్గరే.

ఇంకోటి తీసి లాగింది. అదీ అక్కడే. అయిదేళ్ల పిల్లాణ్ణి కూడా మోయని నైలాన్‌తో వీళ్లు సముద్రంలో ట్యూనాని లాగుతున్నారు.

ముక్క ముక్కు దగ్గర పెట్టుకుంది. తియ్యని వాసన. లోబాన్. సాంబ్రాణి. కానీ ఆ వాసన ఏమీ చెప్పలేదామెకి. ఒమాన్‌లో ఆ వాసన లేని చోటేది? లిఫ్టులో అదే, టాక్సీలో అదే, ఖల్ఫాన్ తొడుక్కున్న తెల్లటి పొడుగు అంగీ దిష్‌దాషాలో అదే. ప్రతి ఇంట్లో కర్రల చట్రం మీద బట్టలు ఆరేసి, కింద బొగ్గుల మీద లోబాన్ వేసి పొగపడతారు...

కర్రల చట్రం. మధ్యలో మడత. కింద బొగ్గులు.

అంచున ఫోన్ మళ్లీ మోగింది. "అమ్మీ". అజ్మత్ పడవ ముక్కు దగ్గర యాసిర్‌కి రాడ్ ఎలా విసరాలో చేతులూపి పాఠం చెబుతున్నాడు. ఇంజన్ హోరులో అతనికి వినబడలేదు. సఫూరా ఫోన్ తీసి చెవికి ఆనించుకుంది.

"అజ్జూ! పడిందా బేటా?"

"సలాం అమ్మీ. నేను సఫూరాను, చేపల బజారు కొట్టు సఫూరాను. ఆయన పనిలో ఉన్నాడు."

"నువ్వా బిడ్డా! మరి చేప పడిందా లేదా? ఈసారి పడాలె మరి. నిన్న వాడు ఇల్లంత పొగ చేసిండు. నాకు దగ్గు ఆగలే."

సఫూరా గొంతు చాలా మెత్తగా పెట్టింది. "ఏం పొగ అమ్మీ?"

"లోబాన్ పొగ, ఇంకేం పొగ! నజర్ తగిలిందంట వానికి. ఆ కమ్రాన్ లేడా, ఇంకో పడవకు కస్టమర్లను తెస్తడు చూడు, వాని కన్ను పడ్డదంట. మూడు గురువారాల నుంచి ఇదే పని. బట్టలకు పొగ పట్టే చట్రం మీద ఆ తీగలన్నీ వేసి, కింద ఎర్రటి బొగ్గులు పెట్టి, గంటసేపు కదలనియ్యడు. ప్లాస్టిక్ కాలిన వాసన వస్తున్నది సాబ్ అని కాశమ్మ చెప్పింది. వంటపని చేసేదానివి నీకేం ఎర్క అని దాని మీదికి లేచిండు. నేను కూడ చెప్పిన. నా మాట విన్నడా?"

"లేదమ్మీ. ఎవురి మాటా వినడు. తలకాయ పంపిస్తా, పులుసు పెట్టుకోండి."

ఫోన్ మళ్లీ తగిలించి, వీడియో నొక్కి వెనక్కి తిరిగేసరికి అజ్మత్ ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"అమ్మీ ఏమన్నది?"

"చేప తలకాయ తెమ్మనింది," అంది సఫూరా.

ఆమె తన చేతిసంచి తెరిచి నైలాన్ కండె తీసింది. కొట్టులో ఆ లీడర్లను కత్తిరించిన కండే అది. ఖల్ఫాన్ వైపు ఎత్తి చూపించింది. అతను తలాడించాడు. పడవ ఎగిరెగిరి పడుతుంటే పళ్లతో పట్టి ముడి బిగించింది, పాపర్ అనే బొమ్మచేపను కొసకి కట్టింది. ఎర్ర దారం చుట్టడానికి మాత్రం తీరిక లేకపోయింది.

"మళ్ల అదే ఎనభైయా?" అజ్మత్ మూలిగాడు. "తెగుతది, రాసిస్త."

"నోరు మూసుకోని వీడియో తీసుకో భాయ్. ఈసారి పనికొస్తాది."

పక్షుల గుంపు దగ్గర నీళ్లు ఉడుకుతున్నట్టున్నాయి. యాసిర్ విసిరాడు. అజ్మత్ చెప్పినట్టు కాకుండా తనకి చేతనైనట్టు విసిరాడు కాబట్టి పాపర్ సరైన చోటే పడింది. రెండుసార్లు గుటుకు గుటుకుమంది. మూడోసారి నీళ్లు పగిలాయి.

రీలు అరిచింది. రాడ్ మళ్లీ వంగింది. సఫూరా కళ్లు ఆ నైలాన్ మీదే. చేప లోతుకి దిగింది, పక్కకి లాగింది, పడవ అడుగుకి దూరింది. ఖల్ఫాన్ పడవను తిప్పాడు. నైలాన్ పడవ అంచుకి ఒరుసుకుని గీరుమన్న చప్పుడు ఆమె పళ్లలో వినబడింది. తెగలేదు. యాసిర్ ఏడుపు గొంతుతో తన చేతుల్ని తిట్టుకుంటున్నాడు. "ఆగు, ఊపిరి పీల్చు, ఇప్పుడు చుట్టు," అని ఖల్ఫాన్ మెల్లగా చెబుతున్నాడు. ఈ నైలాన్ తెగాలని కోరుకుంటున్న మనిషి పడవ మీద అజ్మత్ ఒక్కడే.

చివరికి నీళ్ల కింద పసుపు రెక్కలు మెరిశాయి. ఖల్ఫాన్ గాలపు కర్ర దించి, ఒక్క ఊపున పైకి లాగాడు. పెద్ద ట్యూనా పడవ నేల మీద దబదబా తోక కొట్టుకుంది. యాసిర్ దాని పక్కనే కూలబడి పిచ్చిగా నవ్వుతున్నాడు.

ఖల్ఫాన్ నవ్వలేదు. చేప నోట్లోంచి నైలాన్ విడిపించి, గట్టిగా లాగి చూశాడు. తర్వాత సఫూరా ఒడిలోంచి తెగిన ముక్కల్ని ఏరి, రెండు చేతుల్లో రెండూ పట్టుకున్నాడు.

"కండె ఒకటే. ముడి వేసిన చెయ్యి ఒకటే. ఇది నిలిచింది, ఇవి తెగాయి. ఎవరు పాడుచేశారు వీటిని?"

"ఎండ అర్బాబ్!" గల్ఫ్‌లో యజమానిని పిలిచే పిలుపుతో అజ్మత్ హిందీలో గబగబా అందుకున్నాడు. "ఎండ తగిలితే నైలాన్ పాడవుతుంది. ఇది సైన్స్."

సఫూరా తెలుగులోకి తిరిగింది. "ఎండ యాడ తగిలింది భాయ్? నా కొట్టులోనేనా? అంటే తప్పు మళ్లా నా నెత్తినేనా? మీ ఇంట్లో కర్రల చట్రం కింద ఎండ కాసిందా? మీ అమ్మ అంతా చెప్పింది."

అజ్మత్ ముఖం మాడిపోయింది. ఆమె దగ్గరికి జరిగి, గొంతు తగ్గించాడు. మిగతా ఇద్దరికీ అందకుండా తెలుగులోనే మాట్లాడాడు.

"ఆపా, జర ఆలోచించు. మనం మనం ఒకటి. అరబ్బోని ముందట మన ఇజ్జత్ తీస్తవా? లోబాన్ అంటే నవ్వుతరు. నాకు ఇగ కస్టమర్ రాడు."

"నవ్వేది లోబాన్‌ని చూసి కాదులే. లోబాన్ వాళ్లింట్లో గూడా ఏస్తారు. చేపలు పట్టే నైలాన్‌ని బొగ్గుల మీద కాల్చినోణ్ని చూసి నవ్వుతారు."

"సరే, సరే. అయితే కాశమ్మ చేసిందని చెప్దాం. పనిమనిషి, తెల్వక చేసింది. దాన్ని పంపించేస్త, ముచ్చట ఖతం. నీ కొట్టుకు ఏం కాదు, నాకు ఏం కాదు."

ఆ ఇంట్లో వద్దని ముందు చెప్పింది కాశమ్మే. ఆ మాట చెప్పినందుకే తిట్లు తింది. ఇప్పుడు ఆమె పనీ పోవాలి, ఊరికి తిరుగు విమానం ఎక్కాలి, ఈ పెద్దమనిషి మాత్రం వచ్చే శుక్రవారం మళ్లీ పడవెక్కి ఇంకొకడికి సైన్స్ చెప్పాలి. సఫూరా అతన్ని పాదాల నుంచి టోపీ దాకా ఒకసారి చూసింది. పొద్దుటి నుంచీ ఈ మనిషి మీద కోపమే ఉందనుకుంది ఆమె. కోపమన్నా పడాలంటే ఎదుటి మనిషిలో కాస్త బరువుండాలి.

"కాశమ్మది మా కడపే, తెలుసునా?" అంది.

"ఆపా, ప్లీజ్. తెలుగులనే ఉండనియ్యి ఈ ముచ్చట."

ఖల్ఫాన్ ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తున్నాడు. యాసిర్ కూడా నవ్వు ఆపి తలెత్తాడు. అంచున ఫోన్ ఎర్ర చుక్కతో వీడియో తీస్తూనే ఉంది.

సఫూరా లేచి నిలబడింది. తెలుగు వదిలేసింది. ఖల్ఫాన్‌కి, యాసిర్‌కి, ఆ ఫోన్‌కి కూడా అర్థమయ్యే హిందీలో, గాలికి ఎదురుగా గొంతెత్తి చెప్పింది.

"నా సరుకు కాదు అర్బాబ్. ఎండ కాదు, షార్క్ కాదు, పనిమనిషి కాదు. మూడు గురువారాలు వీటిని ఇంట్లో బొగ్గుల మీద వేలాడదీసి కాల్చిన మనిషి ఈ పడవ మీదే ఉన్నాడు. అజ్మత్."